పిలవకుండా వచ్చినవాళ్ళు

ఫిబ్రవరి 6

అత్తా,

నీ మేనకోడలు ఉత్తరం రాసిందంటే ఏదో పని పడిందని నీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. పడింది. కానీ ముందు ఇంటి కబుర్లు. అమ్మ కులాసా. నాన్న రిటైరైనప్పటి నుంచి ఇంట్లో గడియారాలన్నీ విప్పి బాగుచేస్తున్నాడు. ప్రస్తుతం మా ఇంట్లో ఏ గదిలో ఉంటే ఆ గది టైము.

ఇక పని. మా ప్రచురణ సంస్థ ఒక పుస్తకం వేస్తోంది. మాయలు, మంత్రాల కథలు రాసేవాళ్ళతో, దెయ్యాల నవలలు రాసేవాళ్ళతో సంభాషణలు. ఎక్కడ పుట్టారు, ఏం చదివారు లాంటివి కాదు. అచ్చంగా పని గురించి. ఎలా మొదలుపెడతారు, ఎక్కడ ఆపుతారు, చదివేవాడికి ఒళ్ళు ఎప్పుడు జలదరిస్తుందో వీళ్ళకి ముందే ఎలా తెలుస్తుంది. దీన్ని నా నెత్తిన పెట్టారు. మా సంపాదకుడు, "మీ ఇంట్లోనే దెయ్యాల నవలలు రాసినావిడ ఉన్నారు కదా, ఇంకెక్కడికో పోవడం దేనికి?" అన్నాడు. నువ్వు ఒప్పుకోవని తెలుసు కాబట్టి వేరేవాళ్ళతో మొదలుపెట్టాను.

మొదటావిడ పళ్ళ డాక్టరు. సాయంత్రం పేషెంట్లు అయిపోయాక, ఆ వాలు కుర్చీలోనే కూర్చుని రాజులనీ రెక్కల పాముల్నీ రాస్తుంది. "రెక్కల పాము ఊరి మీదుగా ఎగిరిపోయింది అని రాయడం ఎవరికైనా చేతనవును. అది పోయాక ఆ వీధి ఎవరు ఊడుస్తారు? అది తేలేదాకా నేను కలం ముట్టుకోను" అంది. నాకు భలే నచ్చింది.

నువ్వు కూడా చెప్తే బాగుంటుంది. ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాను, దానికి జవాబు రాసినా చాలు. కథలో దెయ్యం ఎప్పుడు రావాలి?

నీ
పిచ్చుక


ఫిబ్రవరి 17

పిచ్చుకా,

నీ ఉత్తరం చదవడానికి నాకు ఒక పూట చాలలేదు. ఈసారి కాగితం మీద చీమల్ని నడిపించకు. అక్షరాలు పెద్దవి వెయ్యి, దూరం దూరంగా వెయ్యి.

నేను ఒప్పుకోనని నీకు నువ్వే తీర్మానించేసుకుంటే ఎలా? ఒప్పుకుంటున్నాను. కాకపోతే ఫోన్లు చేయకూడదు. ఫోన్లో నేనొకటి అంటే నువ్వొకటి రాసుకుంటావు. కాగితం మీద అయితే నా మాట నాదిగా ఉంటుంది. ఇంకో సంగతి. నువ్వు కలిసే రచయితలందర్నీ నా తరఫున ఒక ప్రశ్న అడగాలి. జవాబు ఉన్నదున్నట్టు నాకు పంపాలి. "మీ పాత్రలు మీకు కనిపిస్తాయా?" అని. మనసులో కాదు. మనసులో ఎవరికైనా కనిపిస్తాయి. ఎదురుగా, కుర్చీలో, పట్టపగలు.

నీ ప్రశ్నకి జవాబు. దెయ్యం చీకట్లో రాకూడదు. చీకటంటే అందరికీ భయమే, అందులో రాసేవాళ్ళ గొప్పేముంది? మధ్యాహ్నం రావాలి. నువ్వు బట్టలు ఆరేసి లోపలికి వచ్చేసరికి భోజనాల బల్ల దగ్గర ఒకాయన కూర్చుని ఉంటాడు. నీలం కోటు. ఇత్తడి బొత్తాలు. బొత్తం బొత్తం మీదా ఓడ లంగరు చెక్కి ఉంటుంది. తల నున్నగా దువ్వుకున్నాడు. నీ వైపు చూడడు, కిటికీ వైపు చూస్తూ ఉంటాడు. ఏమీ అనడు. నువ్వు గిన్నెలు కడుక్కుని వచ్చేసరికి ఉండడు. అంతే. ఇంతకన్నా ఏమీ చేయనక్కర్లేదు.

మీ నాన్నని నా గోడ గడియారం జోలికి మాత్రం రావద్దని చెప్పు. అది సరిగ్గానే నడుస్తోంది.

మీ అత్త


ఫిబ్రవరి 26

అత్తా,

అక్షరాలు పెద్దవి వేశాను, చూసుకో. ఒక్కో కాగితానికి పది మాటలు కూడా పట్టడం లేదు. తపాలా వాళ్ళు బాగుపడతారు.

నీ ఉత్తరం ఆఫీసులో చదివాను. చదివాక పక్కన ఖాళీగా ఉన్న కుర్చీని కాస్త అవతలికి జరిపాను. ఇన్నేళ్ళ తరవాత మళ్ళీ రాయడం మొదలుపెట్టావన్నమాట. మాటమాత్రంగానైనా చెప్పలేదే. మా సంపాదకుడికి చూపిస్తే ఉబ్బితబ్బిబ్బయ్యాడు. ఆయన సలహా కూడా ఒకటి ఉంది, కోప్పడకుండా విను. ఆ కోటాయనకి ఏదో ఒక గతం ఉండాలట. ఓడ మునిగి పోయినవాడైతే బొత్తాలకి సరిపోతుందట.

నీ ప్రశ్న అడిగాను. పళ్ళ డాక్టరమ్మ, "మనుషులు కనిపించరు కానీ వాళ్ళ పళ్ళు మాత్రం కనిపిస్తాయి" అంది. ఆవిడ నవలల్లో రాక్షసులందరికీ పలువరస ఎందుకంత వివరంగా ఉంటుందో ఇప్పుడు తెలిసింది.

రెండో ఆయన బస్సు డిపోలో గుమస్తా. ఆయన గది గోడనిండా రూటు పటాలే. భయం పుట్టించడం గురించి బాగా చెప్పాడు. "ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి ఒకటి ఉంటుంది. దాని గురించి అందరూ మాట్లాడటం మానేస్తారు. అక్కణ్ణుంచి మొదలుపెడితే నాకు దెయ్యం అవసరం కూడా పెద్దగా పడదండీ" అన్నాడు. నీ ప్రశ్నకి మాత్రం ఇలా అన్నాడు: "పాత్రలు కుర్చీలో కనిపిస్తే నవల రాస్తానా అమ్మా? తిన్నగా పిచ్చాసుపత్రికి పోతాను."

ఇంకా రాసింది పంపు. నీలం కోటాయన తరవాత ఏం చేస్తాడు?

పిచ్చుక


మార్చి 9

పిచ్చుకా,

మీ సంపాదకుడితో చెప్పు, ఆయన ఏ ఓడలోనూ మునగలేదు. ఆయనకి గతం లేదు. నేను పెట్టలేదు, పెట్టను. తరవాత ఏం చేస్తాడని అడిగావు. ఏమీ చేయడు. వస్తాడు, కూర్చుంటాడు, పోతాడు.

ఆ డిపో గుమస్తా పిచ్చాసుపత్రి మాట నవ్వుతూ అన్నాడా, మామూలుగా అన్నాడా? అది రాయలేదు నువ్వు. మనుషులతో మాట్లాడి రాసేదానివి, ఆ మాట అనేటప్పుడు వాళ్ళ ముఖం ఎలా ఉందో కూడా రాయాలి. కనుక్కుని రాయి.

ఇప్పుడు ఆయనొక్కడే కాదు. మెట్ల మీద పిల్లలు. అందరికీ టోపీలు, అందరూ ఒకే ఎత్తు. నేను దిగుతుంటే పక్కకి జరగరు. వాళ్ళ మధ్యలోంచే దిగాలి. అందుకని దిగడం మానేశాను. కింద కుట్టుపని చేసే అమ్మాయి కూరగాయలు తెచ్చి ఇస్తోంది. మంచి పిల్ల. నోట్లో గుండుసూదులు పెట్టుకునే మాట్లాడుతుంది, అదొక్కటే నాకు భయం. ఈ మధ్య పాలు పొయ్యి మీద పెట్టి పొంగించేస్తున్నాను. మొన్న చెయ్యి కూడా కాలింది, పెద్దదేం కాదు.

నీకు ఇంకో మాట స్పష్టంగా చెప్పాలి. నేను వాళ్ళని రాయడం లేదు పిచ్చుకా. వాళ్ళు వస్తున్నారు.

మీ అత్త


మార్చి 20

అత్తా,

"నేను వాళ్ళని రాయడం లేదు, వాళ్ళు వస్తున్నారు." ఇంత మంచి మాట ఈ పుస్తకం మొత్తంలో ఇంకెవరూ చెప్పలేదు. నీ సంభాషణకి అదే శీర్షిక పెట్టేశాం.

అక్కడితో ఆగలేదు. దీంతోపాటు ఒక కాగితం ముక్క పెడుతున్నాను, చూడు. మా పత్రికలో ప్రకటన. "చాలా కాలం తరవాత ఆమె కలం నుంచి కొత్త నవల: నీలం కోటు. పిలవని అతిథులు మీ ఇంటికీ రావచ్చు." ఆఖరి వాక్యం మా సంపాదకుడిది. కొంచెం అతిగా ఉందని నాకూ తెలుసు. పుస్తకాల దుకాణాల వాళ్ళు అప్పుడే అడగడం మొదలుపెట్టారు.

ఇంట్లో నాన్నకి చూపించాను. చదివాడు, మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఈ వారంలో నీ దగ్గరికి వస్తానంటున్నాడు. నిన్ను అభినందించడానికే అయి ఉంటుంది. ఆయన సంగతి నీకు తెలుసు కదా, మంచి మాట చెప్పడానికి కూడా బస్సెక్కి వచ్చి చెప్తాడు.

డిపో గుమస్తా నవ్వుతూనే అన్నాడు. అయినా అదంత ముఖ్యమా?

చేతికి మందు రాస్తున్నావా?

పిచ్చుక


ఏప్రిల్ 2

పిచ్చుకకి,

మీ నాన్న వచ్చి వెళ్ళాడు. అభినందించడానికి కాదు. చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడి, "అక్కా, ఇంట్లో సంగతులు మళ్ళీ వీధిలో పెట్టకు" అన్నాడు.

"నేనెవరికీ చెప్పలేదురా. నన్ను ఇక్కడే ఉండనీ, నా పని నేను చేసుకోగలను" అన్నాను.

"నిన్ను ఎక్కడికి తీసుకెళ్తానన్నాను? నువ్వు చేస్తున్నది ఆపెయ్యి, చాలు" అన్నాడు.

"నా చేతిలో ఉంటే ఆపనా?" అన్నాను. వాడు నన్ను వింతగా చూసి, మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

మీరందరూ నా గురించి ఏమనుకుంటున్నారో అర్థమైంది. నమ్మి నీకు రాశాను, నువ్వు ప్రకటన వేశావు, మీ నాన్నని పంపించావు. ప్రకటన తీసేయించు. నవలా లేదు, గివలా లేదు. ఇక నాకు రాయకు.


ఏప్రిల్ 10

అత్తా,

రాయొద్దన్నావు, రాస్తున్నాను. మొత్తం చదివాక చించెయ్యి.

నాన్నని కూర్చోబెట్టి అడిగాను. ఆయన చేతిలో గడియారం లాక్కుంటే తప్ప నోరు విప్పలేదు. నీ మొదటి నవల 'గడియ'లో, బయట గడియ పెట్టిన గదిలో ఒక ముసలావిడ ఉంటుంది కదా. అది నానమ్మేనని, ఆ పుస్తకం వచ్చాక చుట్టాలందరూ తనని అడిగారని చెప్పాడు. "మా అమ్మ గురించి ఊరంతా చదివింది. ఇప్పుడు పిలవని అతిథులట. మళ్ళీ అమ్మ మీదే రాస్తోంది" అన్నాడు. ఆయన ఆపమన్నది నవలని. నీ గురించి ఆయనకి ఏమీ తెలియదు. నిజానికి నాకూ తెలియలేదు. నానమ్మ పోయేనాటికి నేను పుట్టలేదు, ఆ గది సంగతి మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఎత్తలేదు.

నీ ఆఖరి ఉత్తరంలో వరసల మీద వరసలు ఎక్కి ఉన్నాయి. ఒక వాక్యం కాగితం దాటి పోయింది, సగం మాట బల్ల మీద రాసి ఉంటావు. కవరు మీద చిరునామా నీ చేతిరాత కాదు, ఆ కుట్టుపని అమ్మాయిది అనుకుంటాను. అప్పుడు నీ పాత ఉత్తరాలన్నీ బయటికి తీసి, ఇవి నవల కాదనుకుని మొదటి నుంచి చదివాను. పాలు, చెయ్యి, మెట్లు, చీమలు.

నిన్న పళ్ళ డాక్టరమ్మకి ప్రూఫులు ఇవ్వడానికి వెళ్ళాను. నీ పేరు చెప్పకుండా, తెలిసినావిడ ఒకరికి ఇలా ఉందని అడిగాను. ఆవిడ నవ్వలేదు. చేతికున్న గ్లవ్సు తీసేసి నా ఎదురుగా కూర్చుంది. "ఆవిడకి ఎదురుగా ఉన్న మనిషి ముఖం తెలుస్తోందా? పేపరు చదువుతోందా? చదవలేకపోతే మరి ఆ బొత్తాల మీద లంగరు ఎలా కనిపిస్తోంది? ముందు అది అడుగు. ఇది నా విద్య కాదు, కళ్ళ డాక్టరుకి చూపించాలి. కానీ పిచ్చి అని మాత్రం ఎవర్నీ అననివ్వకు" అంది.

అందుకని అడుగుతున్నాను. కథ కోసం కాదు, పుస్తకం కోసం కాదు. వాళ్ళు నీకు నిజంగా కనిపిస్తున్నారా?

పిచ్చుక


ఏప్రిల్ 19

పిచ్చుకా,

నీ ఉత్తరం కుట్టుపని అమ్మాయి చదివి వినిపించింది. మధ్యలో ఏడ్చింది. గుండుసూదులు ముందే పక్కన పెట్టింది, అంతవరకు నయం.

అవును. కనిపిస్తున్నారు.

మీ డాక్టరమ్మ మంచి ప్రశ్న అడిగింది. ఈ అమ్మాయి ముఖం నాకు మధ్యలో చెరిపేసినట్టు ఉంటుంది, చెవులు మాత్రం తెలుస్తాయి. నీలం కోటాయన కనురెప్పల వెంట్రుకలు కూడా లెక్కపెట్టగలను. ఇది తిరకాసుగా ఉందని నాకు తోచకపోలేదు. తోచింది కానీ తోచిన వైపు వెళ్ళలేదు. వెళితే ఎవరో ఒకరు గది తలుపు వేస్తారు అనిపించింది.

మీ నానమ్మ ఆఖరి రోజుల్లో గదిలో ఎవరితోనో మాట్లాడుతూ ఉండేది. ఎవరూ ఉండేవారు కాదు. చుట్టాలు వచ్చి తలుపు సందులోంచి చూసి వెళ్ళేవాళ్ళు. వీధిలోకి వెళ్ళిపోతుందని మా బాబాయిలు బయట గడియ బిగించారు. నాకు అప్పుడు స్కూలు వయసు, మీ నాన్న ఇంకా చిన్నవాడు. "ఆడపిల్లకి తల్లి పోలికే వస్తుంది" అని మా పెద్దమ్మ నా ఎదురుగానే అంది. ఆవిడ ముక్కు గురించి అని ఉండొచ్చు. నాకు మాత్రం ఆ మాట ఒంట్లో దిగబడిపోయింది. భయం ఎలా పుట్టిస్తారని మీ పుస్తకంలో అందర్నీ అడుగుతున్నావు. నాకు పుట్టించాల్సిన పని ఎప్పుడూ పడలేదు, ఇంట్లోనే ఉండేది. రోజూ కొంచెం తీసి వాడుకున్నాను. నవలలు రాసినన్నాళ్ళూ అది కాగితాల మీద ఉంది కదా, నా దగ్గరికి రాదులే అనుకున్నాను. మొదటిసారి ఆ కోటాయన కనిపించిన రోజు, నా వంతు వచ్చేసిందనుకున్నాను. నిన్ను అడ్డం పెట్టుకుని రచయితలందర్నీ అడిగించింది అందుకే. ఒక్కరైనా "నాకూ కనిపిస్తారు" అంటారేమోనని.

డాక్టరు దగ్గరికి వస్తాను. కళ్ళ డాక్టరు దగ్గరికి. ఇంకెక్కడికీ రాను.

మీ అత్త


ఏప్రిల్ 26

అత్తా,

సోమవారం పొద్దున్నే నాన్న నీ దగ్గరుంటాడు. ఆసుపత్రిలో పేరు రాయించాను. పరీక్షలకి కంట్లో మందు వేస్తారట, కాసేపు ఏమీ కనిపించదట, కంగారుపడకు. మెట్లు దిగేటప్పుడు నాన్న చెయ్యి పట్టుకో.

నీ ఉత్తరం నాన్నకి చదివి వినిపించాను. నీ అనుమతి లేకుండా చదివాను, తిట్టాలనుకుంటే తిట్టు. "నేను గుమ్మంలో నిలబడి ఏం మాట్లాడానో, అక్క ఏం విన్నదో" అని అదే మాట పదేపదే అంటున్నాడు.

నవల లేదని పత్రికలో వేయించాను. మా సంపాదకుడు మూతి ముడుచుకున్నాడు. విషయం చెప్పాక మాత్రం, "ఆవిడ సంభాషణ పుస్తకంలో ఉండాలా వద్దా ఆవిడే చెప్పాలి, మనం కాదు" అన్నాడు. ఆయన మీద నాకున్న కోపం సగం తగ్గింది.

పిచ్చుక


మే 15

పిచ్చుకా,

ఇది నేను చెప్తుంటే మీ నాన్న రాస్తున్నాడు. దస్తూరీ బాగోలేదంటే వాణ్ణే అను. (గీతలు దాటకుండా రాస్తున్నాను. - నాన్న)

డాక్టరు చిన్న వయసువాడు. ఓపిగ్గా విన్నాడు. కోటు, టోపీలు, అన్నీ చెప్పాను. ఆశ్చర్యపోతాడని చూశాను, కాగితం మీద రాసుకుంటూ "పిల్లలు ఒకే ఎత్తా? చాలామంది అలాగే చెప్తారండీ" అన్నాడు. చాలామంది. ఆ మాట దగ్గర నేను కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. చూపు తగ్గినవాళ్ళలో కొందరికి ఇలా అవుతుందట. కంటి నుంచి రావలసింది రాకపోతే మెదడు ఊరికే కూర్చోలేదట, తనే బొమ్మలు వేసుకుంటుందట. మనిషి బుద్ధి నిక్షేపంగా ఉంటుందట. పైగా సిగ్గుపడి, భయపడి ఎవరూ బయటికి చెప్పరట. ఒక కంటికి పొర ఉంది, వచ్చే నెల ఆపరేషను చేస్తారు. రెండో కన్ను వెనకాల దెబ్బతింది, పోయిన చూపు రాదు. ఉన్నది కాపాడుకోవాలి. వీళ్ళు రావడం తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు. ఇకమీదట కోటాయన వస్తే నాకు కొత్త లేదు.

బయటికి వచ్చి ఆసుపత్రి ఆవరణలో బల్ల మీద కూర్చున్నాం. మందు వల్ల నాకు అంతా తెల్లగా ఉంది. మీ నాన్న, "అక్కా, అమ్మకి అన్నం ఎవరు కలిపి పెట్టేవాళ్ళు?" అన్నాడు.

"నేనే. కంచం కనిపించేది కాదుగా తనకి" అన్నాను. కంచం కనిపించదని ఇంట్లో అందరికీ తెలుసు. ఆ ముక్కని, ఎవరితోనో మాట్లాడుతోందన్న ముక్క పక్కన పెట్టినవాళ్ళు లేరు. ఆ రోజుల్లో డాక్టర్లకైనా తెలుసో లేదో.

(ఇక్కడ కాసేపు ఆపాం. - నాన్న)

ఆవిడ లోపల ఏం మాట్లాడేదో మీ నాన్నకి గుర్తులేదు. నాకు గుర్తుంది. ఆ గుమ్మం బయట కూర్చునే నేను లెక్కలు చేసుకునేదాన్ని. "నిలబడే ఉన్నారే, కూర్చోండమ్మా. మా పిల్లలు స్కూలు నుంచి వచ్చే వేళయింది, కాఫీ పెట్టిస్తాను." రోజూ ఇదే. 'గడియ'లో ఈ మాటలే పెట్టాను, జనం చదివి జడుసుకున్నారు. నేనూ జడుసుకునే రాశాను. ఇందులో జడుసుకోవడానికి ఏముంది చెప్పు. ఇంటికొచ్చినవాళ్ళకి మర్యాద చేసింది. తను చూడలేని ఇంట్లో, తనకి కనిపించినవాళ్ళని కూర్చోమంది.

నా సంభాషణ పుస్తకంలో వేసుకోమను, ఈ ఉత్తరంతో సహా. మీ సంపాదకుడితో చెప్పు, నవల కూడా ఉంది. నీలం కోటు కాదు. ఇందులో ఎవరూ జడుసుకోరు, అమ్ముడుపోతుందో లేదో నాకు తెలియదు. రోజూ పొద్దున కుట్టుపని అమ్మాయికి చెప్పి రాయిస్తున్నాను. మొదటి వాక్యం, "నిలబడే ఉన్నారే, కూర్చోండమ్మా."

మీ నాన్నకి వినిపించాను. వద్దంటాడేమో అనుకున్నాను. కలం మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, "అక్కా, ఈసారి ఆ గది తలుపు తీసే ఉంచు" అన్నాడు.

"ఏ గదిది?" అన్నాను.

"అమ్మ గదిది. పుస్తకంలో" అన్నాడు.

సరేనన్నాను.

మీ అత్త